మెడికల్ షాపా, హాస్టలా, హార్బరా? టీమ్ ప్రాజెక్టుకి విశాఖలో ఏ వ్యాపారం తీసుకోవాలి

బీటెక్, బీబీఏ, ఎంసీఏ, ఎంబీఏ... ఏ కోర్సయినా ఏదో ఒక సెమిస్టర్‌లో ఈ ప్రాజెక్టు ఎదురవుతుంది. నలుగురైదుగురు ఒక టీమ్‌గా ఏర్పడాలి. ఒక వ్యాపారాన్ని ఎంచుకుని, అక్కడ పని ఎలా జరుగుతోందో చూడాలి. దానికి తగిన ఇన్ఫర్మేషన్ సిస్టమ్‌ని (సమాచారాన్ని రాసుకుని, దాచి, వాడుకునే ఏర్పాటు) ప్లాన్ చేసి, విశ్లేషించి రిపోర్టు ఇవ్వాలి. టీమ్ కుదిరాక మొదటి వారమంతా ఏ లాంగ్వేజ్‌లో కోడ్ రాద్దాం, ఏ డేటాబేస్ వాడదాం అన్న చర్చే నడుస్తుంది. ఏ వ్యాపారం అన్న ప్రశ్నని మాత్రం "లైబ్రరీ మేనేజ్‌మెంట్ పెట్టేద్దాంరా" అని ఐదు నిమిషాల్లో తేల్చేస్తారు.

ఈ వరస తిరగబడాలని నా గట్టి అభిప్రాయం. ఇది విశ్లేషణ ప్రాజెక్టు. మీరు ఏం నేర్చుకుంటారో, రిపోర్టులో ఎంత సరుకు ఉంటుందో వ్యాపారం ఎంపిక దగ్గరే చాలావరకు తేలిపోతుంది. అడిగినదానికి ఓపిగ్గా చెప్పే మనిషి, చూడనిచ్చే కాగితాలు ఉంటే గోపాలపట్నంలో చిన్న షాపైనా చాలు. అవి లేకపోతే ఎంత పెద్ద సంస్థ పేరు కవర్ పేజీ మీద ఉన్నా లోపలి పేజీలన్నీ ఇంటర్నెట్ నుంచి దించుకున్నవే అవుతాయి.

విశాఖ టీమ్‌లు సాధారణంగా ఊగిసలాడే ఐదు దారులను ఇక్కడ పోల్చి చూస్తాను. అవి మెడికల్ షాపు, పీజీ హాస్టల్, ఫిషింగ్ హార్బర్‌లో బోటు లెక్కలు, రైతు బజార్, పోర్టు లేదా స్టీల్ ప్లాంట్ లాంటి పెద్ద సంస్థ. ముందు కొలతలు చూద్దాం.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మనిషి. సెమిస్టర్ మొత్తంలో కనీసం నాలుగుసార్లు కలవగలిగే ఒక మనిషి కావాలి. మొదటిసారి పని అర్థం చేసుకోవడానికి, రెండోసారి పక్కన నిలబడి చూడడానికి, మూడోసారి మీరు గీసిన బొమ్మ సరైనదో కాదో అడగడానికి, నాలుగోసారి మీరు ప్రతిపాదించే స్క్రీన్లు చూపించడానికి. ఓనరే కానక్కర్లేదు. కౌంటర్‌లో కూర్చునే అన్నయ్య అయినా, లెక్కలు రాసే గుమస్తా గారైనా సరే. నిజానికి పని గురించి ఓనరు కంటే వాళ్లకే ఎక్కువ తెలుస్తుంది.

కాగితం. బిల్లు, రశీదు, రిజిస్టర్, గోడ మీద బోర్డు, వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్... సమాచారం ఎక్కడ పుట్టి ఎక్కడికి వెళ్తోందో కంటికి కనపడాలి. మీ డేటా ఫ్లో డయాగ్రామ్‌కీ (డీఎఫ్‌డీ, సమాచారం ఎటు నుంచి ఎటు వెళ్తుందో చూపే బొమ్మ), ఈఆర్ డయాగ్రామ్‌కీ (ఏయే వివరాలు దాచాలో, వాటి మధ్య సంబంధాలేమిటో చూపే బొమ్మ) ముడిసరుకు ఇదే. ఒక్క బిల్లు చేతికొస్తే దాని మీదున్న గడుల నుంచే సగం ఎంటిటీలు (సిస్టమ్ వివరాలు దాచాల్సిన మనుషులు, వస్తువులు, లావాదేవీలు) బయటపడతాయి.

రూపాయల్లో చెప్పగల ఇబ్బంది. "అన్నీ చేత్తో రాస్తున్నారు, కంప్యూటరైజ్ చేస్తాం" అనేది సమస్య కిందికి రాదు. చేత్తో రాసుకుని హాయిగా నడుస్తున్న వ్యాపారాలు బోలెడు. ఎక్కడ డబ్బు పోతోంది, ఎక్కడ గొడవ వస్తోంది, ఎక్కడ ఒకే పని రెండుసార్లు చేస్తున్నారు? వీటిలో ఒక్కదానికైనా జవాబు ఉండాలి.

హద్దు. "వ్యాపారం మొత్తానికి సిస్టమ్" అని రాసిన టీమ్ చివర్లో ఏదీ పూర్తి చేయలేదు. ఒక వాక్యంలో చెప్పగలిగే ముక్క ఉండాలి.

కాలం. ఆ వ్యాపారానికి తీరికలేని రోజులూ ఖాళీ రోజులూ మీ సెమిస్టర్‌తో ఎలా కలుస్తాయో చూడాలి. చాలామంది ఇది పట్టించుకోరు. విశాఖలో మాత్రం ఇది చాలా ముఖ్యం, కారణం హార్బర్ దగ్గర చెబుతాను.

గోప్యత. రోగుల పేర్లు, అమ్మాయిల ఆధార్ కాపీలు, అప్పుల లెక్కలు... ఇవి మీ రిపోర్టులో కనపడకూడదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, నమ్మి పుస్తకం తెరిచి చూపించిన మనిషికి మనం చేయాల్సిన కనీస మర్యాద ఇది.

| వ్యాపారం | మనిషి దొరకడం | కాగితాలు | అసలు ఇబ్బంది | హద్దు గీయడం | జాగ్రత్త పడాల్సింది |
|---|---|---|---|---|---|
| మెడికల్ షాపు | సులువు, మధ్యాహ్నం | చాలా | ఎక్స్‌పైరీ, రిటర్నులు, అరువు | సులువు | రోగుల వివరాలు |
| పీజీ హాస్టల్ | చాలా సులువు | తక్కువ | అడ్వాన్స్, బకాయిలు, ఖాళీ బెడ్లు | సులువు | గుర్తింపు కార్డుల కాపీలు |
| బోటు లెక్కలు | తెలిసినవాళ్లుంటేనే | చిన్న చీటీలు, నోట్‌బుక్ | ట్రిప్పు ఖర్చు, వాటాల లెక్క | కష్టం | అప్పుల సంగతి, వేట నిషేధం |
| రైతు బజార్ | అనుమతితో | బోర్డు, రిజిస్టర్లు | ధరలు, స్టాళ్ల కేటాయింపు | ఫర్వాలేదు | అనుమతికి పట్టే సమయం |
| పోర్టు, స్టీల్ ప్లాంట్ | లోపల మనిషి ఉంటేనే | బయటికి రావు | విభాగాన్ని బట్టి | చాలా కష్టం | భద్రత, పాసులు |

## మెడికల్ షాపు: ఎక్కువ టీమ్‌లకి నా మొదటి సలహా

జగదాంబ నుంచి మహారాణిపేట, కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) చుట్టుపక్కల వరకూ నడిస్తే అడుగడుగునా మెడికల్ షాపులే. ఎంవీపీ కాలనీలోనూ, గాజువాకలోనూ అంతే. కాబట్టి ఒకరు కాదంటే ఇంకొకరు ఒప్పుకుంటారు. అయినా చాలా టీమ్‌లు ఒక కారణంతో వెనక్కి తగ్గుతాయి: "వాళ్ల దగ్గర బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉంది కదా!"

ఉంటే ఇంకా మంచిది. ఆ సాఫ్ట్‌వేర్‌లోకి రాకుండా బయట మిగిలిపోయిన పని ఏమిటో చూడండి. అదే మీ ప్రాజెక్టు. ఎక్స్‌పైరీ సంగతే తీసుకుందాం. మందు గడువు దగ్గరపడితే షాపువాళ్లు దాన్ని డిస్ట్రిబ్యూటర్‌కి తిప్పి పంపాలి. డిస్ట్రిబ్యూటర్ ఒక కాలపరిమితి పెడతాడు, అది దాటితే తీసుకోడు. తీసుకున్నా వెంటనే డబ్బివ్వడు, తర్వాతి బిల్లులో సర్దుతాడు. సర్దాడా లేదా అన్నది ఎవరు చూస్తున్నారు? కొన్ని షాపుల్లో ఒక అట్టపెట్టెలో స్ట్రిప్పులు పడేసి, గుర్తొచ్చినప్పుడు పంపిస్తారు.

దీన్ని రూపాయల్లోకి మార్చండి. లెక్క కోసం, వంద రూపాయల స్ట్రిప్పు మీద షాపుకి 16 రూపాయలు మిగులుతాయనుకుందాం. ఒక స్ట్రిప్పు గడువు దాటి వెనక్కి వెళ్లకుండా ఉండిపోతే పోయింది 84 రూపాయలు. అది రాబట్టుకోవాలంటే అలాంటివే ఇంకో ఆరు స్ట్రిప్పులు అమ్మాలి. ఈ ఒక్క లెక్కతో మీ ఆర్థిక ఫీజిబిలిటీ (పెట్టే ఖర్చుకి తగ్గ లాభం ఉందా అన్నది) అధ్యాయానికి ప్రాణం వస్తుంది. షాపువాళ్లని అడిగి అసలు అంకెలు వేసుకోండి.

ఇంకో మంచి విషయం, ఇక్కడ నియమాలు స్పష్టంగా రాసి ఉన్నాయి. షెడ్యూల్ హెచ్1 మందులు (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన కొన్ని మందులు) అమ్మితే రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం విడిగా ఒక రిజిస్టర్‌లో రాయాలి. దాన్ని మూడేళ్లు భద్రపరచాలి. మీ రిక్వైర్‌మెంట్స్ జాబితాలో దీన్ని 'ఉంటే బాగుంటుంది' వరసలో పెట్టకండి, తప్పనిసరి వరసలో పెట్టండి. ఓనరు అక్కర్లేదన్నా తీసేయడానికి వీల్లేని అవసరాలు కొన్ని ఉంటాయని చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పన్ను కూడా అంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను రేటును ప్రోగ్రామ్‌లో నేరుగా రాసేసినవాళ్లు ఆ రోజు ఏం చేయాల్సి వచ్చేదో టీమ్‌లో చర్చించండి. రేటు, అది ఏ తేదీ నుంచి వర్తిస్తుంది అన్న రెండు గడులతో వేరే టేబుల్ పెట్టాలన్న నిర్ణయం అక్కడే పుడుతుంది. వైవాలో "ఎందుకిలా డిజైన్ చేశారు?" అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర నిజమైన కారణం ఉంటుంది.

వెళ్లే వేళ గురించి ఒక మాట. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కౌంటర్ దగ్గర నిలబడి ప్రశ్నలడిగితే ఎవరికైనా విసుగొస్తుంది. మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లండి. అయితే ఒక్కసారి మాత్రం రద్దీ వేళలో పక్కకు నిలబడి, మాట్లాడకుండా చూడండి. మధ్యాహ్నం చెప్పిన పద్ధతికీ సాయంత్రం జరిగే పద్ధతికీ ఎంత తేడా ఉందో రాసుకోండి. రిపోర్టులో అదే బంగారం.

## పీజీ హాస్టల్: అందరికీ దొరుకుతుంది, అదే దాని లోపం కూడా

మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ, ద్వారకానగర్ ప్రాంతాల్లో హాస్టళ్లకి కొదవ లేదు. టీమ్‌లో ఇద్దరు అక్కడే ఉంటారు. ఓనరు గారు రోజూ కనపడతారు. ఇంతకంటే సులువు ఏముంటుంది?

సులువు వల్లే చాలామంది దీన్ని పైపైన చేసేస్తారు. స్టూడెంట్ పేరు, రూమ్ నంబరు, ఫీజు కట్టారా లేదా... మూడు టేబుళ్లతో ముగించేస్తారు. లోతు కావాలంటే బెడ్ మీద దృష్టి పెట్టండి. ఒక బెడ్ ఖాళీగా ఉండొచ్చు, అడ్వాన్స్ ఇచ్చి ఎవరో ఆపి ఉంచొచ్చు, నిండి ఉండొచ్చు, లేదా ఉన్నవాళ్లు వచ్చే నెల ఖాళీ చేస్తామని చెప్పి ఉండొచ్చు. ఈ నాలుగు స్థితుల మధ్య మార్పులే హాస్టల్ ఆదాయం. కోచింగ్ బ్యాచ్‌లు మారే రోజుల్లో ఈ లెక్క తప్పితే ఓనరుకి నెల అద్దె పోతుంది, లేదా ఒకే బెడ్‌ని ఇద్దరికి ఒప్పుకుని మాట పడాల్సి వస్తుంది. యూఎంఎల్‌లో (సాఫ్ట్‌వేర్ డిజైన్‌ని బొమ్మలుగా గీసే ప్రామాణిక పద్ధతి) స్టేట్ డయాగ్రామ్ (స్థితులు ఎలా మారతాయో చూపే బొమ్మ) ఎందుకుందో తెలుసుకోవడానికి హాస్టల్ బెడ్ కంటే తేలికైన చోటు నాకు తెలియదు.

ఒక హెచ్చరిక. మీరు ఉంటున్న హాస్టల్‌నే తీసుకుంటే అడ్వాన్స్ తిరిగివ్వడం, భోజనం ఖర్చు లాంటి ప్రశ్నలు అడగడం ఇబ్బందిగా ఉంటుంది. ఓనరు కూడా మనసు విప్పి చెప్పరు. పక్క వీధి హాస్టల్ తీసుకోండి.

## ఫిషింగ్ హార్బర్: కష్టమైనదే, కానీ దీటైనది లేదు

మత్స్యకార కుటుంబం నుంచి వచ్చిన స్నేహితుడో స్నేహితురాలో టీమ్‌లో ఉంటే, వాళ్ల ఇంట్లో ఒప్పుకుంటే, మరో ఆలోచన లేకుండా దీన్నే తీసుకోండి. లేకపోతే దిగొద్దు. మధ్యేమార్గం లేదు. ఎందుకంటే ముక్కూమొహం తెలియని నలుగురు నోట్‌బుక్కులు పట్టుకుని జెట్టీ మీదికి వెళితే "ఏటి బాబూ, మా లెక్కలు మీకెందుకు?" అన్న ప్రశ్న వస్తుంది. అది న్యాయమైన ప్రశ్న.

బోటు ఒక వ్యాపారం. ప్రతి ట్రిప్పూ దానికదే ఒక ప్రాజెక్టు. డీజిల్, ఐసు, రేషన్ ఎక్కించుకుని సముద్రంలోకి వెళ్తారు. రోజుల తరబడి వేట చేసి వస్తారు. తెల్లవారుజామున వేలం జరుగుతుంది. అమ్మకం డబ్బులోంచి ట్రిప్పు ఖర్చులు తీసేసి, మిగిలినదాన్ని ఓనరుకీ కలాసీలకీ (బోటులో పనిచేసేవాళ్లకీ) వాటాలేస్తారు. మూడు లక్షల సరుకు అమ్ముడై, ఖర్చులు లక్షా ఎనభై వేలు అయ్యాయనుకుందాం. పంచాల్సింది లక్షా ఇరవై వేలు. వాటాలు ఏ లెక్కన అన్నది, వల చిరిగితే ఎవరి ఖాతాలో, ముందు తీసుకున్న అడ్వాన్స్ ఏ ట్రిప్పులో కోసుకుంటారు... ఇవన్నీ నోటిమాట ఒప్పందాలు. మీరు ఊహించి రాయకండి. ఏ బోటుదగ్గర అడిగారో ఆ బోటు పద్ధతే రాయండి.

ఇక్కడ విశ్లేషకుడిగా మీకు ఎదురయ్యే అసలు పరీక్ష నిర్వహణ సాధ్యత, అంటే రోజువారీ పనిలో దీన్ని నిజంగా వాడగలరా అన్నది. తడి చేతులతో, చీకట్లో, వేలం పాడే హడావుడిలో ఎవరు ఫోన్‌లో డేటా ఎక్కిస్తారు? ఎవరూ ఎక్కించరు. కాబట్టి డేటా పుట్టే చోటుని మార్చాలి. చీటీ ఫోటో తీసి పంపితే ఒడ్డున లెక్కలు చూసేవాళ్లు తర్వాత ఎక్కించడం ఒక దారి. సాంకేతికంగా సాధ్యమా అన్న ప్రశ్నకి ప్రతి టీమ్ 'అవును' అని రాస్తుంది. వాడే మనిషి చేతులు ఆ సమయంలో ఏం చేస్తున్నాయి అన్నది మాత్రం ఎవరూ రాయరు.

మరో అవసరం కూడా గుర్తుంచుకోండి. 2023 నవంబర్ 19 రాత్రి ఈ హార్బర్‌లో మంటలు చెలరేగి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. అలాంటి కష్టం వచ్చినప్పుడు బోటు రిజిస్ట్రేషన్, ఇంజన్ బిల్లు, వల కొన్న రశీదు ఒడ్డున భద్రంగా ఉండడం ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. మీ సిస్టమ్‌లో కాగితాల కాపీలు దాచుకునే చిన్న భాగం పెడితే, మీరు గీసిన మిగతా స్క్రీన్లన్నిటికంటే ఓనరు దాన్నే ముందు అడగొచ్చు.

ఇప్పుడు కాలం సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు యాంత్రిక పడవల వేట మీద నిషేధం ఉంటుంది. చాలా కాలేజీల్లో రెండో సెమిస్టర్ ప్రాజెక్టులు జనవరి ప్రాంతంలో మొదలై ఏప్రిల్‌లో ముగింపుకొస్తాయి. అంటే వేలం, వాటాల లెక్క కళ్లారా చూడాలంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే చూసేయాలి. "ముందు డయాగ్రామ్‌లు గీద్దాం, పరిశీలన తర్వాత చూద్దాం" అనుకుంటే చూడడానికి ఏమీ ఉండదు. మరోవైపు నిషేధం రోజుల్లో బోట్లు ఒడ్డున రిపేర్లలో ఉంటాయి, మనుషులు తీరిగ్గా మాట్లాడతారు. పరిశీలన ముందే ముగించుకుని, స్క్రీన్లు చూపించి అభిప్రాయం అడిగే పనిని ఆ రోజులకి పెట్టుకుంటే రెండూ కలిసొస్తాయి.

అడగకూడనిది ఒకటుంది. సరుకు కొనే వ్యాపారి దగ్గర బోటు ఓనరు ముందే డబ్బు తీసుకుని ఉండొచ్చు, అందుకని అమ్మకం అతనికే జరగొచ్చు. సిస్టమ్‌లో ఇది ముఖ్యమైన సంబంధమే. అయినా ఎవరెవరికి ఎంత బాకీ అన్నది మీ రిపోర్టులో రాకూడదు. 'ముందస్తు చెల్లింపు' అని ఒక ఎంటిటీ పెట్టి, అంకెలన్నీ మీరే కల్పించినవని స్పష్టంగా రాయండి.

అనకాపల్లి నుంచి వచ్చే టీమ్‌కి ఇలాంటిదే ఇంకో చోటుంది, అక్కడి బెల్లం మార్కెట్. అక్కడా వేలం ఉంటుంది, కమీషన్ ఉంటుంది, రంగునీ రకాన్నీ బట్టి దిమ్మల ధర మారుతుంది. సంక్రాంతి తర్వాతి నెలల్లో సరుకు జోరుగా వస్తుంది కాబట్టి జనవరిలో మొదలయ్యే ప్రాజెక్టుకి హార్బర్ కంటే బాగా కుదురుతుంది.

## రైతు బజార్

రాష్ట్రంలో రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి. మన దగ్గర ఎంవీపీ కాలనీ రైతు బజార్ అందరికీ తెలిసినదే. ఏ రోజు ధరలు ఆ రోజు బోర్డు మీద రాస్తారు. అమ్మే రైతులకి గుర్తింపు కార్డులుంటాయి. చూసుకోవడానికి ఎస్టేట్ ఆఫీసర్ ఉంటారు. ధర నిర్ణయం నుంచి బోర్డు దాకా సమాచారం ఎలా నడుస్తుందో చూడడానికి ఇది చక్కటి చోటు. ఎంబీఏ టీమ్‌లకి ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే ఒకే సమాచారం రైతుకి, కొనేవాళ్లకి, అధికారికి మూడు రకాలుగా కావాలి. స్టేక్‌హోల్డర్ విశ్లేషణకి (ఆ పనితో సంబంధమున్న ఒక్కొక్కరికీ ఏం కావాలో చూడడానికి) ఇంత స్పష్టమైన సందర్భం అరుదు.

అనుమతికి మాత్రం డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో లెటర్ తీసుకుని మొదటి వారంలోనే వెళ్లాలి. జవాబు రావడానికి రెండు వారాలు దాటితే ఆగకండి, రెండో ఎంపికకి మారిపోండి. బోర్డు మీది ధరల్ని కొన్ని వారాలపాటు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి, ఎదురుచూసే రోజులు వృథా కానక్కర్లేదు.

## పోర్టు, స్టీల్ ప్లాంట్ లాంటి పెద్ద సంస్థలు

1933లో మొదలైన పోర్టు, గాజువాక పక్కన స్టీల్ ప్లాంట్... ఈ ఊళ్లో పెరిగినవాళ్లకి వీటి మీద ఉండే అభిమానం నాకు తెలుసు. నాన్నగారో మావయ్యగారో అక్కడ పనిచేస్తుంటే ఆ పేరు మీద ప్రాజెక్టు చేయాలనిపించడం సహజం. కానీ గేటు పాసు దగ్గర మొదలయ్యే కష్టం చివరిదాకా ఉంటుంది. లోపల సిస్టమ్‌లు పెద్దవి, వాటి కాగితాలు బయటికి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఇంటర్న్‌షిప్ లేదా ట్రైనింగ్ అనుమతి చేతిలో ఉంటే మాత్రం ఒక చిన్న ముక్క తీసుకోండి. క్యాంటీన్ కూపన్లు, సందర్శకుల పాసులు, కాంట్రాక్టు కార్మికుల హాజరు, టూల్స్ ఇచ్చిపుచ్చుకోవడం... ఇలాంటివి. ఇంట్లో మనిషి చెప్పిన మాటల మీదే ఆధారపడి మొత్తం సంస్థ మీద రిపోర్టు రాయకండి. ఆయన తన విభాగం గురించి చెప్పగలరు, అంతకు మించి చెప్పించడం ఆయనకీ ఇబ్బందే.

## మీ టీమ్ ఎలాంటిది?

ఊరికి కొత్త, ఎవరూ తెలియదు, అందరూ హాస్టలర్లే అయితే మెడికల్ షాపు. ఇందులో నాకు సందేహం లేదు.

ఇద్దరు బస్సులో గంటన్నర ప్రయాణం చేసి వచ్చేవాళ్లయితే, వాళ్ల ఊళ్లోని వ్యాపారం చూడండి. నగరంలో ఉన్నవాళ్లు వారాంతంలో అక్కడికి వెళ్లడం, వాళ్లు రోజూ ఇక్కడ ఆగిపోవడం కంటే తేలిక. టీమ్ గొడవలు సగం ఈ ప్రయాణాల దగ్గరే మొదలవుతాయి.

టీమ్‌లో ఎవరి ఇంట్లోనైనా వ్యాపారం ఉంటే అదే తీసుకోవచ్చా? తీసుకోవచ్చు, ఒక షరతు మీద. ఆ ఇంటి అబ్బాయో అమ్మాయో ఇంటర్వ్యూ చేయకూడదు. మిగతావాళ్లు చేయాలి. ఇంటివాళ్లకి అన్నీ తెలుసు కాబట్టి అడగాల్సిన ప్రశ్న అడగరు. "మా నాన్న అలా చేయరు" అని మధ్యలో సర్దిచెబుతారు కూడా. వాళ్లు పరిచయం చేసి పక్కకి తప్పుకుంటే చాలు.

కోడింగ్ బాగా వచ్చి, మాట్లాడడానికి మొహమాటపడే టీమ్‌లు హాస్టల్‌తో మొదలుపెట్టడం నయం. మాట్లాడడం వచ్చి కోడింగ్ అంతంతమాత్రమైతే రైతు బజార్, బెల్లం మార్కెట్ లాంటివి మీకు కలిసొస్తాయి. అక్కడ విశ్లేషణకే ఎక్కువ చోటుంది, కాగితం మీద గీసిన స్క్రీన్లతో కూడా మంచి రిపోర్టు వస్తుంది.

## ఏ పద్ధతి, ఏ డయాగ్రామ్?

వ్యాపారం తేలాక ఇది దాదాపు తనంతట తేలిపోతుంది. మెడికల్ షాపులో కాగితాలు చేతులు మారుతుంటాయి కాబట్టి డీఎఫ్‌డీ, దానితోపాటు ఈఆర్ డయాగ్రామ్. ఈఆర్ మోడల్ పీటర్ చెన్ 1976లో ప్రతిపాదించినది, ఇప్పటికీ బిల్లు చూసి టేబుళ్లు గీయడానికి అంత పనికొచ్చేది లేదు. హాస్టల్‌కి యూజ్ కేస్‌లు (ఎవరు సిస్టమ్‌తో ఏ పని చేస్తారో చెప్పేవి), స్టేట్ డయాగ్రామ్. హార్బర్‌లో ఒక పనిలో ఐదారు రకాల మనుషులుంటారు, కాబట్టి ఎవరి వరస వారిదిగా విడగొట్టే యాక్టివిటీ డయాగ్రామ్. డీఎఫ్‌డీనీ యూఎంఎల్‌నీ పేజీలు నింపడానికి కలిపేయకండి. సార్ ఏది అడిగారో సిలబస్‌లో చూసుకుని, రెండూ ఒప్పుకుంటేనే ఎంచుకోండి.

వాటర్‌ఫాలా (ఒక దశ పూర్తయ్యాకే ఇంకో దశ), అజైలా (కొంచెం చేసి, చూపించి, మార్చుకుంటూ పోవడం) అన్న చర్చకి నా జవాబు సూటిగా ఇదీ: మీకు మధ్యరకం కావాలి. మొదటి నాలుగు వారాలు పక్కాగా ప్లానింగ్, పరిశీలన. ఆ తర్వాత కాగితం మీద స్క్రీన్లు గీసి, ఓనరుకి చూపించి, మార్చి, మళ్లీ చూపించడం. అజైల్ అని పేరు పెట్టుకుని రోజూ మీటింగులు పెట్టుకునేంత సమయం ఐదు సబ్జెక్టులు చదివే విద్యార్థికి ఉండదు. వారానికొకసారి అరగంట కూర్చుని, ఎవరు ఏం చేశారు, ఏది ఆగిపోయింది అని రాసుకుంటే సరిపోతుంది. గాంట్ చార్ట్‌లో (ఏ పని ఏ వారాల్లో అని గీసుకునే పట్టిక) మిడ్ పరీక్షలు, సంక్రాంతి సెలవులు, ఉగాది ముందే గుర్తుపెట్టండి. ఆ వారాల్లో పని జరుగుతుందని ఆశపడి వేసిన ప్లాన్ మొదటి నెలకే తప్పుతుంది.

## ఖరారు చేసే ముందు ఒక చిన్న పరీక్ష

రెండు వ్యాపారాల మధ్య ఇంకా తేలకపోతే రెండింటికీ ఒక్కోసారి వెళ్లి ఒకే ప్రశ్న అడగండి: "అన్నా, నిన్న జరిగిన ఒక అమ్మకం మొదటి నుంచి చివరిదాకా చెప్తారా?" లేదా "అక్కా, పోయిన నెల ఖాళీ చేసినవాళ్లకి అడ్వాన్స్ ఎలా తిరిగిచ్చారు?" మామూలుగా ఎలా చేస్తారని అడిగితే అందరూ పద్ధతి ప్రకారం చెబుతారు. నిన్నటిది అడిగితే జరిగింది చెబుతారు. చెబుతూ చెబుతూ డ్రాయర్ తెరిచి ఒక కాగితం తీసి చూపించారా, ఆ వ్యాపారాన్నే తీసుకోండి. మాటల్లోనే తేల్చేసి "ఇంకేమైనా కావాలంటే ఫోన్ చేయండి" అన్నారా, రెండోదానికి వెళ్లండి.

ఒప్పుకున్నవాళ్లకి కాలేజీ లెటర్‌తోపాటు ఒక పేజీ తెలుగులో రాసి ఇవ్వండి. మేం ఏం చూస్తాం, ఏం ఫోటో తీయం, పేర్లు ఎలా తీసేస్తాం, ఎన్నిసార్లు వస్తాం, చివర్లో మీకు ఏమిస్తాం అన్నవి అందులో ఉండాలి. ఆ చివరిదానిలో పూర్తి సాఫ్ట్‌వేర్ ఇస్తామని మాత్రం రాయకండి. ఎక్స్‌పైరీ మందుల జాబితాకి ఒక ఎక్సెల్ షీట్, లేదా ట్రిప్పు ఖర్చులు రాసుకోవడానికి ముద్రించిన ఫారం పుస్తకం... ఇచ్చి వచ్చాక కూడా వాళ్లు వాడుకోగలిగినది ఏదైనా ఒకటి రాసి, వైవా కంటే ముందే వెళ్లి చేతికివ్వండి.